పది ప్రశ్నల పెట్టెలో ఇమడని జబ్బు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అశ్లీల వీడియోల అలవాటు మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఈ విషయం ఎత్తుకున్నందుకు అభినందనలు. నా గొడవ వ్యాసంతో కాదు, దాని చివర గళ్ల పెట్టెలో వేసిన పది ప్రశ్నలతో. "ఐదింటికి మించి అవును అని జవాబు వస్తే మీరు బానిసైనట్టే" అని కింద ఎర్ర అక్షరాల్లో తీర్పు కూడా ఇచ్చేశారు. ఆ ప్రశ్నల్లో మొదటిది, వారానికి ఒకసారి కంటే ఎక్కువ చూస్తారా? రెండోది, చూశాక తప్పు చేశాననిపిస్తుందా? మూడోది, ఈ సంగతి ఇంట్లోవాళ్ల దగ్గర దాస్తారా? దాచక ఏం చేస్తారండీ, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పుకుంటారా?

నేను ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. డాక్టరు చూడబోయే ముందు రోగిని, వెంట వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, సంగతులన్నీ అడిగి కేసు షీటు రాయడం నా ఉద్యోగం. మీ వ్యాసం వచ్చిన వారంలోనే ఒక కుర్రాడు ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. (ఇతనివీ, కింద రాయబోయే మిగతావాళ్లవీ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.) మొదట నిద్ర పట్టడం లేదన్నాడు, తల బరువన్నాడు. అన్నీ రాసుకుని డాక్టరు గదిలోకి పంపబోతుంటే గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. మా దగ్గర ఈ విషయం చాలాసార్లు గుమ్మం దగ్గరే బయటపడుతుంది. వెనక్కి వచ్చి పేజీ విప్పి బల్ల మీద పరిచాడు. ఏడు టిక్కులున్నాయి, కాగితం చిరిగేంత గట్టిగా పెట్టినవి. "నా మెదడు ఇక బాగుపడదా మేడమ్?" అని అడిగాడు.

అతను చూసేది వారంలో ఒకటి రెండు సార్లు, ఓ ఇరవై నిమిషాలు. పని ఒత్తిడి ఉన్న నెలల్లో దాని జోలికే పోలేదు, అందుకు అవస్థ పడిందీ లేదు. ఉద్యోగానికి వేళకు వెళ్తున్నాడు. స్నేహితులున్నారు. ఉన్న బాధల్లా, అది మహాపాపమన్న నమ్మకంతో పెరిగాడు. చూసిన ప్రతి రాత్రీ తనను తాను తిట్టుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉంటున్నాడు. దానికి తోడు మెదడు కుంచించుకుపోతుందని మీ వ్యాసం చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు, అంటే ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 6సీ72 అనే సంకేతం కింద 'కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్' అని ఒక రుగ్మత చేర్చారు. లైంగిక కోరికలను అదుపు చేసుకోలేక అదే పని మళ్లీ మళ్లీ చేస్తూ జీవితం దెబ్బతినడం దాని లక్షణం. అశ్లీల వీడియోల నుంచి బయటపడలేని స్థితినీ సాధారణంగా దీని కిందే చూస్తారు. అయితే అక్కడే ఒక షరతు ఉంది. మనిషి పడే బాధ అంతా ఆ పని నైతికంగా తప్పన్న భావన వల్లే కలుగుతుంటే, అదొక్కటే చూసి ఈ రోగం ఉందని నిర్ణయించకూడదు. మీ పెట్టెలో రెండో ప్రశ్న నేరుగా ఈ షరతును తొక్కేసింది. తమకు ఇది వ్యసనమైపోయిందని నమ్మేవాళ్ల మీద అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాషువా గ్రబ్స్ బృందం చాలాకాలంగా పరిశోధన చేస్తోంది. ఆ నమ్మకానికి ఎంతసేపు చూస్తున్నారన్నదాని కంటే, చూడటం తప్పని ఎంత గట్టిగా అనుకుంటున్నారన్నదానితోనే ఎక్కువ సంబంధం కనిపించింది.

అలాగని ఆ కుర్రాడిని "నీకేం లేదు, పో" అని పంపేయలేదు. నిద్రలేమి నిజం, ఆందోళన నిజం. వాటికి చికిత్స ఉంది, మొదలుపెట్టారు. అది తప్పని నమ్మే హక్కు అతనికి ఉంది. ఆ నమ్మకాన్ని వెక్కిరించడం గానీ ఊడబెరకడం గానీ మా పని కాదు. నమ్మకానికీ నడతకూ మధ్య నలిగిపోతున్న మనిషికి ఆ నలుగుడు గురించి మాట్లాడే చోటు కావాలి. అంతేగానీ నుదుటిన 'బానిస' అని ముద్ర వేస్తే ఉన్న భయం ఇంకో నాలుగింతలవుతుంది.

మెదడు సంగతి కూడా చెప్పాలి. 2014లో జర్మనీ పరిశోధకులు 64 మంది పురుషుల మెదళ్లను స్కాన్ చేసి చూశారు. ఎక్కువ గంటలు చూస్తామని చెప్పినవాళ్లలో మెదడులోని ఒక భాగం కాస్త చిన్నగా కనిపించింది. చూడటం వల్ల చిన్నదయిందా, పుట్టుకతో చిన్నగా ఉన్నవాళ్లే ఎక్కువ చూస్తున్నారా అన్నది ఆ ఒక్క స్కాన్‌తో తేలదు. పైగా ఆ 64 మందీ ఆరోగ్యవంతులు, రోగులు కారు. అలాంటి దాన్ని పట్టుకుని 'మెదడు కుంచించుకుపోతుంది' అని శీర్షిక పెడితే, చదివినవాడు అద్దంలో తల చూసుకుంటూ కూర్చుంటాడు.

ఇదంతా చదివి, ఈమె అసలు జబ్బే లేదంటోందని మీ పాఠకులు అనుకోవచ్చు. ఉంది. ఉన్నవాళ్లను చూస్తే దాన్ని పది ప్రశ్నల్లో ఇమిడించవచ్చన్న ఆలోచన కూడా రాదు.

నలభై దాటిన ఒక ఉద్యోగి కథ చెబుతాను. భార్య తీసుకువచ్చింది. రాత్రి పదకొండుకు పడుకుందామని ఫోను పక్కన పెట్టేవాడు. ఐదు నిమిషాలు చూసి పడుకుందామనుకుని మళ్లీ తీసేవాడు. ఒకటి తెరిచి, అది నచ్చక ఇంకోటి, దాన్ని సగంలో వదిలి మరోటి. తెర మీద పదుల కొద్దీ కిటికీలు తెరిచి ఉంచుకుని, ఇంతకంటే మంచిది ఇంకోటి ఉంటుందని వెతకడంలోనే నాలుగయ్యేది. ఫోనులోంచి అన్నీ తుడిచేశాడు. లాక్ పెట్టి ఆ అంకెలు భార్య చేతిలో పెట్టాడు. ఒకసారి ఫోను గోడకేసి కొట్టాడు. వారం తిరగకుండా ఎవరికీ చెప్పకుండా ఇంకోటి కొన్నాడు. ఆఫీసులో నిద్రపోతున్నాడని హెచ్చరిక లేఖ వచ్చింది. ఆ లేఖ అందిన రాత్రి కూడా చూశాడు. "అంత ఇష్టమా?" అని భార్య నా ముందే అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇష్టం ఎప్పుడో పోయింది. చూస్తున్నంతసేపూ ఎప్పుడు అయిపోతుందా అనే ఉంటుంది" అన్నాడు.

ఆ ఒక్క మాట మీ పది ప్రశ్నల పెట్టు. తృప్తి దాదాపు లేకపోయినా ఆపలేకపోవడం ఐసీడీ-11 చెప్పే గుర్తుల్లో ఒకటి. ఆరోగ్యం, శుభ్రత, ఇతర వ్యాపకాలు, బాధ్యతలు పక్కనపడి బతుకంతా దాని చుట్టూ తిరగడం, తగ్గించుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా వీలుకాకపోవడం, నష్టాలు కళ్లెదుట కనిపిస్తున్నా సాగిపోవడం కూడా అందులోనివే. ఇది ఆరు నెలలో అంతకుమించో సాగి ఉండాలి. మనిషి తీవ్రంగా కుంగిపోవడమో, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతినడమో జరిగి ఉండాలి. ఇంత చెప్పినా ఎన్ని గంటలు చూస్తే రోగం అని ఒక్క అంకె కూడా అందులో లేదు. కోరిక ఎక్కువగా ఉండి, అది అదుపులో ఉండి, ఎవరికీ నష్టం లేకపోతే అది రోగం కాదు. కౌమారంలో పిల్లలకు ఆ ఆసక్తి, హస్తప్రయోగం ఎక్కువగా ఉండటం మామూలే కాబట్టి, దాని గురించి వాళ్లు మథనపడుతున్నా సరే ఈ పేరు పెట్టవద్దని ప్రత్యేకంగా రాశారు. పదిహేనేళ్ల కొడుకు చెవి పట్టుకుని తీసుకువచ్చే తండ్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

మరి మేం ఎలా తేల్చుకుంటాం? గంటలు నేను అన్నింటికంటే చివర అడుగుతాను. ముందు కేసు షీటు వెనకవైపు ఒక అడ్డగీత గీస్తాను. ఎడమ కొసన మొదటిసారి చూసిన వయసు, కుడి కొసన ఈ రోజు. మధ్యలో ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పూర్తిగా మానగలిగారు, ఆ రోజుల్లో ఏం జరుగుతోంది అన్నవి ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ వెళ్తాను. గీత కింద ఇంకో వరసలో ఉద్యోగం మారడం, ఇంట్లో చావు, దిగులు, మద్యం, వాడిన మందులు. పై వరస, కింది వరస కలిపి చూస్తే చాలాసార్లు రోగి నోటి నుంచి రానిది కాగితం చెబుతుంది.

ఆ ఉద్యోగి గీత మీద ఏం కనిపించిందంటే, అలవాటు పెరగడానికి ఏడాది ముందే ఆయన తల్లి పోయింది. ఆకలి తగ్గింది, తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది, దేని మీదా మనసు నిలిచేది కాదు. అది డిప్రెషన్. ఎవరూ గుర్తించలేదు. రాత్రుళ్లు ఆ దిగులు నుంచి తప్పించుకోవడానికి పట్టుకున్న ఫోను, తర్వాత దానంతట అదే ఇంకో జబ్బయింది. రెండింటికీ చికిత్స కావాలి. మొదటిదాన్ని వదిలేసి రెండోదానికి మాత్రమే మందు వేస్తే ఆయన మూడో ఫోను కొనేవాడు.

గీత వల్ల బయటపడిన ఇంకో సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మీలాంటి వ్యాసాల మీద కోపం వస్తుంది. డెబ్బై దగ్గరపడిన పెద్దాయన, పార్కిన్సన్స్ రోగి (ఒళ్లు వణుకుతూ బిగుసుకుపోయే జబ్బు అది). భార్య గొంతు తగ్గించి, నా వైపు చూడకుండా చెప్పింది. ఆయన పగలూ రాత్రీ ఫోనులో అవే చూస్తున్నాడు, తనను నిద్రపోనివ్వడం లేదు, కోడళ్లు ఇంటికి రావడం మానేశారు. "ఈ వయసులో ఇదేం బుద్ధి తల్లీ, మొహం ఎత్తుకోలేకపోతున్నాను" అంది. గీత మీద మందుల వరస రాస్తుంటే తెలిసింది, ప్రామిపెక్సోల్ మోతాదు పెంచిన కొన్ని వారాలకే ఇది మొదలైంది. అంతకు ముందు నలభై ఏళ్ల కాపురంలో ఆ ఛాయలే లేవు.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనిని చేస్తాయి. కొందరిలో వీటివల్ల జూదం, విపరీతంగా కొనడం, అతిగా తినడం, అదుపులేని లైంగిక ప్రవర్తన పుట్టుకొస్తాయి. అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 3.5 శాతం మందిలో ఈ లైంగిక ప్రవర్తన కనిపించింది. కాళ్లలో స్థిమితం లేక నిద్రపట్టనివాళ్లకు కూడా ఈ మందులు ఇస్తారు. మానసిక రోగాలకు వాడే అరిపిప్రజోల్ విషయంలో కూడా ఇలాంటి హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో జారీ చేసింది. ఆ పెద్దాయనకు న్యూరాలజీ డాక్టరు మోతాదు మెల్లమెల్లగా తగ్గించి వేరే మందుకు మార్చారు. కొన్ని వారాల్లో ఆయన మునుపటి మనిషయ్యాడు. కోడళ్లకు సంగతి వివరించే పని మాత్రం నా నెత్తిన పడింది, అది మందు మార్చినంత సులువుగా జరగలేదు. ఇది చదివి ఎవరూ తమంతట తామే ఆ మాత్రలు ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు బిగుసుకుపోవచ్చు, తీవ్రమైన ఆందోళన, దిగులు రావచ్చు. డాక్టరుకు చెబితే చాలు.

మీ పది ప్రశ్నలకు ఆ పెద్దాయన తొమ్మిదింటికి అవునని ఉండేవాడు. ఫలితం 'బానిస' అని వచ్చేది. మాత్ర సంగతి ఎవరికీ తట్టేది కాదు.

పది రోజులుగా నిద్ర లేకుండా, అలుపు లేకుండా, అప్పులు చేసి ఖర్చుపెడుతూ, గడగడా మాట్లాడుతూ ఉన్నట్టుండి లైంగికంగా హద్దులు దాటినవాళ్లను చూస్తే ముందు అనుమానించాల్సింది బైపోలార్ వ్యాధిలోని మేనియాను. వయసు మళ్లాక స్వభావమే మారిపోతే మెదడు ముందుభాగం దెబ్బతినే డిమెన్షియా కావచ్చు. ఇంకొందరు వస్తారు, లైంగికపరమైన భయంకరమైన ఆలోచనలు వస్తున్నాయని వణికిపోతూ. వాళ్లు చేసేది ఏమీ ఉండదు, ఆ ఆలోచనంటేనే అసహ్యం. అది ఓసీడీ, అక్కర్లేని ఆలోచనలు వదలకుండా వేధించే జబ్బు. వాళ్లకు కామవ్యసనమని చెప్పడమంత క్రూరత్వం మరొకటి లేదు.

శాస్త్రజ్ఞుల మధ్యే ఏకాభిప్రాయం లేదన్న మాట మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. అమెరికా మనోవైద్యుల సంఘం తన మానసిక రోగాల వర్గీకరణ పుస్తకం డీఎస్‌ఎం-5 కోసం మనోవైద్యుడు మార్టిన్ కాఫ్కా ప్రతిపాదించిన 'హైపర్ సెక్సువల్ డిజార్డర్'ను పరిశీలించి, చివరకు పక్కన పెట్టి 2013లో పుస్తకం ప్రచురించింది. ఐసీడీ-11 తన కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్‌ను చేర్చుకున్నా, జూదం, వీడియో గేముల వ్యసనాల సరసన కూర్చోబెట్టలేదు. దొంగతనం చేయకుండా ఉండలేకపోవడం, నిప్పు పెట్టకుండా ఉండలేకపోవడం లాంటి ఉద్రేకాలను ఆపుకోలేని రుగ్మతల వరసలో పెట్టింది. మెదడులో జరిగేది మద్యం, జూదం విషయంలో జరిగేదేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నడవనివ్వండి. నా ఎదురు కుర్చీలో ఉన్నవాడికి ఆ వాదన తేలేదాకా ఆగే తీరిక లేదు. కానీ తేలిందని రాయడం తప్పు.

ప్రశ్నావళులకు నేను వ్యతిరేకిని కాను. మా దగ్గరా ఉన్నాయి. 2018లో హంగరీ పరిశోధకులు తయారుచేసిన ఒకదానిలో 18 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు, మొత్తం 126కు 76 గానీ అంతకు మించి గానీ వస్తే సమస్య ఉండవచ్చని అర్థం. 'ఉండవచ్చు' అన్నంతవరకే దాని అధికారం. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది, మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా. 42 దేశాల్లో 80 వేల మందికి పైగా పాల్గొన్న సర్వేలో ఈ కొలత ప్రకారం సమస్య ఉండవచ్చని తేలింది 3.2 శాతం మందికి. మీ వ్యాసం ధోరణి చూస్తే ఇంటికొకరు ఉన్నారేమో అనిపిస్తుంది. అన్నట్టు, వ్యాసంలో ఆడవాళ్ల ఊసే లేదు. మగవాళ్ల కంటే తక్కువే గానీ వాళ్లూ వస్తారు, ఇంకా ఆలస్యంగా, ఇంకా భయపడుతూ. ఆడదానికి ఇలాంటిది ఉంటుందని ఎక్కడా చదవకపోవడంతో, తానొక్కతే ఇలా పుట్టానేమోనని ఏళ్ల తరబడి అనుకుందట మా దగ్గరికి వచ్చిన ఒకామె.

ఇంకో రకం వాళ్ల గురించి కూడా రాయక తప్పదు. ఆఫీసులో తోటి ఉద్యోగిని వేధించి పట్టుబడ్డాక, తనకు జబ్బు ఉందని కాగితం రాసివ్వమని వచ్చినవాళ్లున్నారు. ఎదుటి మనిషి ఒప్పుకోలు లేకుండా చేసింది, పిల్లల జోలికి వెళ్లింది నేరం. రోగం ఉన్నా నేరం నేరమే. భార్యలు కూడా కొందరు 'వ్యసనపరుడు' అని డాక్టరు చేత రాయించుకుపోదామని వస్తారు. వాళ్ల బాధ నాకు తెలుసు. భర్త దాచాడన్న దెబ్బ, తనతో పోల్చి చూస్తున్నాడేమోనన్న అవమానం, ఇవి ఏ రోగనిర్ధారణ మీదా ఆధారపడవు. ఆయనకు జబ్బు లేదని తేలినంత మాత్రాన ఆమెకు తగిలిన దెబ్బ లేకుండా పోదు. ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాలి. మాట్లాడతాం.

చికిత్స గురించి మీరు రాసింది 'మనోనిబ్బరం పెంచుకోండి, యోగా చేయండి' అని. గోడకేసి ఫోను కొట్టినవాడికి మనోనిబ్బరం గురించి చెప్పడం ఎందుకు? ఏ వేళ, ఏ మూడ్‌లో, దేని తర్వాత చేయి ఫోను మీదికి వెళ్తుందో పట్టుకుని, ఆ కోరిక లేచినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా, దానికి లొంగకుండా ఉండటం నేర్పే మాటల చికిత్సలు ఉన్నాయి. 2016లో అమెరికాలో 28 మంది పురుషులతో 12 విడతల్లో అలాంటి చికిత్స చేసి చూస్తే, చూడటం బాగా తగ్గిందని తేలింది. చిన్న అధ్యయనమే, కానీ దారి చూపింది. నాల్‌ట్రెక్సోన్, పారాక్సెటిన్ లాంటి మందులను కొందరికి వైద్యుల పర్యవేక్షణలో ఇస్తున్నారు, వాటి మీద జరిగిన పరీక్షలు ఇంకా చిన్నవే. మా ఉద్యోగి డిప్రెషన్ తగ్గాక, వారం వారం వచ్చి మాట్లాడాక, ఇప్పుడు ఎక్కువ రాత్రుళ్లు నిద్రపోతున్నాడు. అప్పుడప్పుడు జారుతున్నాడు. జారిన సంగతి మర్నాడే వచ్చి చెబుతున్నాడు. మునుపు ఏళ్లపాటు చెప్పనివాడు.

ఆ పది ప్రశ్నల పెట్టెకు సవరణ వేయమని కోరుతున్నాను. ఎర్ర అక్షరాల తీర్పు తీసేయండి. ఆపుకోవాలని ప్రయత్నించి ఆపుకోలేకపోతున్నారా, దానివల్ల ఏం పోగొట్టుకున్నారు, ఇది మొదలైన రోజుల్లో మీ ఒంట్లో, ఇంట్లో, మందుల్లో ఏం మారింది అన్న మూడు ప్రశ్నలు చాలు. జవాబులకు మార్కులు వేసుకోవద్దని, మానసిక వైద్యుల దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో తీసుకెళ్లమని రాయండి. వచ్చేటప్పుడు ఏడాదిగా వాడుతున్న మందుల చీటీలన్నీ, ఏ జబ్బువైనా సరే, వెంట తెచ్చుకోమని కూడా రాయండి.

ఇట్లు,
మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు
(మా రోగులు నన్ను బట్టి తమను పోల్చుకోకుండా ఉండటానికి, దయచేసి నా పేరు ప్రచురించవద్దు.)